ఇమాటినిబ్ 400: బిళ్ళకు మంచి మార్కులే, అసలు జాగ్రత్త పరీక్ష దగ్గర

సీఎంఎల్, అంటే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ అని తేలినవాళ్ళలో చాలామంది చేతికి మొదట వచ్చే మందు ఇమాటినిబ్. 400 మిల్లీగ్రాముల బిళ్ళ, రోజుకు ఒకటి. ఇదే మందుతో నొవార్టిస్ తయారుచేసిన గ్లివెక్‌కు 2001 మే నెలలో అమెరికాలో అనుమతి వచ్చింది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో 2003లో వీనాట్ పేరుతో జెనెరిక్ తెచ్చింది. ఇప్పుడు ఇంకా చాలా కంపెనీలవి దొరుకుతున్నాయి. షాపు కౌంటర్ దగ్గర అందరూ అడిగేది "ఏ కంపెనీది మంచిది?" అనే. ఆ ప్రశ్న మీద పెట్టే శ్రమలో సగం, రక్తంలో జబ్బు ఎంత మిగిలిందో కొలిచే పీసీఆర్ పరీక్ష మీద పెడితే రోగికి ఎక్కువ మేలు.

మందు పని తీరుకు వంక పెట్టడానికేమీ లేదు. సీఎంఎల్‌లో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారై బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త ప్రోటీన్ పుడుతుంది. అదొక టైరోసిన్ కైనేజ్ ఎంజైము, ఆగకుండా "విభజించు, విభజించు" అని కణానికి సంకేతాలు పంపుతూనే ఉంటుంది. అలా పంపడానికి దానికి కణంలో శక్తినిచ్చే ఏటీపీ అణువు కావాలి. ఏటీపీ కూర్చోవాల్సిన పీట మీద ఇమాటినిబ్ ముందే కూర్చుంటుంది. సంకేతం ఆగిపోతుంది, దాని మీదే ఆధారపడ్డ కణం చచ్చిపోతుంది. ఐరిస్ అధ్యయనంలో ఈ మందుతో మొదలుపెట్టినవాళ్ళలో పదేళ్ళ తర్వాత బతికి ఉన్నవాళ్ళు 83.3 శాతం. అంతకుముందు ఇంటర్‌ఫెరాన్ సూదులతో నెట్టుకొచ్చిన జబ్బు ఇది.

ధర సంగతి. సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న ఇమాటినిబ్ బీటా స్ఫటిక రూపానికి పేటెంట్ నిరాకరించింది. పేటెంట్ చట్టం 3(డి) సెక్షన్ ప్రకారం, తెలిసిన పదార్థానికి కొత్త రూపమిస్తే చాలదు, చికిత్సలో గుణం పెరిగినట్టు చూపించాలి. ఆ కేసు రోజుల్లో గ్లివెక్‌కు నెలకు సుమారు లక్షా ఇరవై వేలు అయ్యేది, జెనెరిక్‌కు ఎనిమిది నుంచి పది వేలు. ఈ మందు జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది కాబట్టి మందుల ధరలను నియంత్రించే ఎన్‌పీపీఏ పెట్టే గరిష్ఠ ధర కూడా వర్తిస్తుంది. బిల్లు తీసుకోండి, దాని మీద బ్యాచ్ నంబర్ ఉందో లేదో చూసుకోండి. కంపెనీ మారితే భయపడక్కర్లేదు గానీ మారిన తేదీ రాసిపెట్టుకోండి. తర్వాతి పీసీఆర్ రిపోర్టులో తేడా కనిపిస్తే డాక్టరుకు ఆ తేదీ పనికొస్తుంది.

ఇక వాడకం. చాలా ఫిర్యాదులు పుట్టేది ఇక్కడే. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం వచ్చే అవకాశం ఎక్కువ. రోజులో ఏ పూట కడుపు నిండా తింటారో ఆ పూట, భోజనం మధ్యలోనో ముగిశాకో, పెద్ద గ్లాసు నిండా నీళ్ళతో మింగాలి. రాత్రి భోజనంతో వేసుకునేవాళ్ళు వెంటనే నడుం వాల్చకూడదు, గంటన్నా కూర్చోవాలి. లేకపోతే గొంతులో మంట. మింగలేనివాళ్ళు 400 మి.గ్రా. బిళ్ళను 200 మిల్లీలీటర్ల నీళ్ళలోనో ఆపిల్ రసంలోనో (100 మి.గ్రా.కైతే 50 మిల్లీలీటర్లు) వేసి చెంచాతో కలిపి, కరగగానే తాగేయాలి. కలిపి పెట్టి తర్వాత తాగుదామనుకోవద్దు. వేసుకున్నాక వాంతయితే ఇంకోటి వేసుకోకూడదు. ఒక పూట మరిచిపోతే ఆ రోజే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు, మర్నాటి బిళ్ళ వేళ దగ్గరపడితే వదిలేయాలి. రెండు కలిపి మాత్రం వద్దు.

డాక్టరు 800 మి.గ్రా. రాస్తే 400 మి.గ్రా. బిళ్ళలు రెండు తీసుకోండి, 100 మి.గ్రా. బిళ్ళలు ఎనిమిది కాదు. పూతలో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది, చిన్న బిళ్ళలు ఎక్కువైతే ఒంట్లోకి చేరే ఇనుమూ ఎక్కువవుతుంది. షాపులో స్టాకు లేదని వందలు అంటగడితే ఈ మాట చెప్పండి.

పొద్దున లేవగానే కళ్ళ చుట్టూ ఉబ్బు, రాత్రుళ్ళు పిక్కలు పట్టేయడం, విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు మామూలుగా వచ్చేవే. కొన్ని రోజుల్లోనే బరువు అమాంతం పెరిగినా, ఆయాసం వచ్చినా నీరు చేరుతోందని అర్థం, ఆగకుండా డాక్టరును కలవాలి. మన చర్మానికి సంబంధించి ఇంకోటుంది. ఈ మందు సీ-కిట్ అనే మరో కైనేజ్‌ను కూడా ఆపుతుంది. రంగునిచ్చే కణాలకు సీ-కిట్ అవసరం, అందుకే కొందరిలో ముఖం, చేతులు తెల్లబడతాయి. చుట్టాలు "రంగు తేలావే" అని మెచ్చుకుంటారు. అది మందు ప్రభావం, ప్రమాదం కాదు.

రక్తకణాల లెక్క మొదటి నెల వారానికోసారి, రెండో నెల రెండు వారాలకోసారి చూడాలి. న్యూట్రోఫిల్స్ (తెల్ల కణాల్లో ఒక రకం) 1,000 కంటే, ప్లేట్‌లెట్లు 50,000 కంటే తగ్గితే డాక్టరు మందు ఆపిస్తారు. 1,500, 75,000 దాటాక మళ్ళీ మొదలుపెడతారు. ఇది మందు విఫలమవడం కాదు. ఎముక మజ్జను నింపేసిన చెడ్డ కణాలు పోయి, మంచివి ఇంకా పుంజుకోని సమయమది.

వేరే మందులతో గొడవ చిన్నది కాదు. కాలేయంలో సీవైపీ3ఏ4 అనే ఎంజైము ఇమాటినిబ్‌ను విరగ్గొడుతుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ దాన్ని రెచ్చగొడితే రక్తంలో ఇమాటినిబ్ మొత్తం సుమారు 74 శాతం పడిపోతుంది. ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపిన్‌లదీ ఇదే దారి. కీటోకొనజోల్, క్లారిత్రోమైసిన్, గ్రేప్‌ఫ్రూట్ దీనికి తలకిందులు, అవి రక్తంలో మందు మోతాదును పైకి తోస్తాయి. గ్రేప్‌ఫ్రూట్‌కు దగ్గరి చుట్టమైన పంపరపనస కూడా మానుకోవడం మంచిది. గర్భం నిలవకుండా జాగ్రత్తలు మందు వాడినంతకాలం, ఆపాక మరో 14 రోజులు తప్పనిసరి.

పీసీఆర్ ప్రతి మూడు నెలలకూ చేయించాలి. బీసీఆర్-ఏబీఎల్ మూడు నెలలకు 10 శాతం లోపు, ఆరు నెలలకు 1 శాతం లోపు, ఏడాదికి 0.1 శాతం లోపు ఉండాలి. ఈ శాతాలు ఇంటర్నేషనల్ స్కేల్ మీద ఇచ్చినవైతేనే అర్థం. రిపోర్టులో "ఐఎస్" అని లేకపోతే ఒక ల్యాబ్ అంకెను మరో ల్యాబ్ అంకెతో పోల్చడం వృథా. కాబట్టి ల్యాబ్ మార్చకండి. ఈ పరీక్ష కొలిచేది ఆర్ఎన్ఏను, అది త్వరగా పాడైపోతుంది, సిటీకి దూరంగా ఉన్న కలెక్షన్ సెంటర్‌లో ఇస్తే శాంపిల్ ల్యాబ్‌కు ఎప్పుడు చేరుతుందో అడగండి. "నాట్ డిటెక్టెడ్" చూసి సంబరపడే ముందు, శాంపిల్ సరిగా ఉందో లేదో తేల్చే కంట్రోల్ జన్యువు (ఏబీఎల్) కాపీలెన్నో చూడండి. ఏబీఎల్ కాపీలు 10,000 కూడా రాని శాంపిల్‌లో ఏమీ కనబడకపోవడం గొప్ప కాదు. రోగనిర్ధారణ రోజు చేసిన ట్రాన్‌స్క్రిప్ట్ రకం (మీలో ఉన్న బీసీఆర్-ఏబీఎల్ ఆర్ఎన్ఏ ఏ రకమో చెప్పే) రిపోర్టు జాగ్రత్తగా దాచుకోండి. అరుదైన రకమైతే మామూలు పీసీఆర్ కిట్‌కు అది అందకపోవచ్చు.

అంకెలు పెరిగితే మందుకు లొంగని మ్యుటేషన్ వచ్చిందేమోనని అందరి అనుమానం. అదీ ఉంటుంది: టీ315ఐ మార్పు వస్తే ఇమాటినిబ్‌తో పాటు అదే కోవ మందులైన డాసాటినిబ్, నిలోటినిబ్ కూడా పనిచేయవు. పోనాటినిబ్ కావాలి, లేదా ఎక్కువ మోతాదులో ఆసిమినిబ్. కానీ ముందు చూడాల్సింది బిళ్ళల షీటు. లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రి అధ్యయనంలో 90 శాతం కంటే ఎక్కువ బిళ్ళలు వేసుకున్నవాళ్ళలో ఆరేళ్ళకు 0.1 శాతం లోపుకు చేరే అవకాశం 94.5 శాతం, తక్కువ వేసుకున్నవాళ్ళలో 28.4 శాతం. నెలకు మూడు బిళ్ళలు తప్పితే ఆ గీత దగ్గరికి వచ్చేసినట్టే.

"ఎప్పటికైనా మానేయొచ్చా?" అని అడిగేవాళ్ళకు: కనీసం మూడేళ్ళు వాడి, అందులో రెండేళ్ళు 0.01 శాతం లోపు నిలిచినవాళ్ళు డాక్టరు సలహాతో ఆపి చూడొచ్చు. దాదాపు సగం మందిలో జబ్బు తిరిగొస్తుంది, అదీ ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. అందుకే ఆ ఆరు నెలలూ నెలనెలా పీసీఆర్ ఉండాలి, 0.1 దాటితే మళ్ళీ బిళ్ళ మొదలు. తిరిగి మొదలుపెట్టినవాళ్ళలో చాలామందికి మందు మునుపటిలాగే పనిచేస్తుంది. ఆపిన వారాల్లో కీళ్ళు, కండరాలు నొప్పి పెట్టడం కొందరికి మామూలే, అది జబ్బు తిరిగొచ్చిందనడానికి గుర్తు కాదు. నెలనెలా పీసీఆర్‌కు డబ్బు గానీ, వెళ్ళడానికి వీలు గానీ లేనివాళ్ళు మాత్రం ఆపే ఆలోచన పెట్టుకోవద్దు.