మొదటి క్రెడిట్ కార్డు: నాన్న కార్డుకి యాడ్-ఆనా, జీతం అకౌంట్ కార్డా, ఎఫ్‌డీ కార్డా?

చిట్టీ ఏళ్ళ తరబడి ఒక్క నెలా తప్పకుండా కట్టండి, ఇంటి అద్దె ఒకటో తారీఖునే ఇచ్చేయండి, చేబదులు చెప్పిన రోజుకే తీర్చేయండి. వీటిలో ఏదీ సిబిల్ దాకా, అంటే మన అప్పుల చరిత్ర రాసిపెట్టి స్కోరు ఇచ్చే సంస్థ దాకా, చేరదు. బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ పంపే లెక్కలే దానికి ఆధారం. అందుకే ఎన్నడూ అప్పు చేయనివాళ్ళ రిపోర్టులో 300 నుంచి 900 మధ్య అంకె ఉండాల్సిన చోట మైనస్ 1 అనో, ఎన్‌హెచ్ (నో హిస్టరీ, అంటే చరిత్ర లేదు) అనో ఉంటుంది. రేపు ఇంటి లోన్‌కి వెళ్తే బ్యాంకు మేనేజర్ ముందు మనల్ని నమ్మడానికి ఒక్క కాగితమూ ఉండదు. ఒక చిన్న కార్డు తీసుకుని నెలనెలా పూర్తిగా కట్టేస్తుంటే సుమారు ఆరు నెలల్లో స్కోరు కనపడటం మొదలవుతుంది. మరి ఏ కార్డు?

ముందు యాడ్-ఆన్ సంగతి తేల్చేద్దాం. నాన్న కార్డుకి అనుబంధంగా మన పేరుతో ఒక కార్డు వస్తుంది, ఖర్చు పెట్టుకోవచ్చు, బాగానే ఉంటుంది. కానీ ఖాతా నాన్నది, బిల్లు నాన్నది, కట్టిన చరిత్రా సాధారణంగా నాన్న రిపోర్టులోకే పోతుంది. మనం అడ్డగోలుగా వాడితే చెడేది కూడా ఆయన స్కోరే. అమెరికాలో ఇలా జత చేసిన కార్డు మామూలుగా జత అయినవాళ్ళ రిపోర్టులోనూ కనిపిస్తుంది కాబట్టి, డల్లాస్‌లో చదువుకుంటున్న కజిన్ ఇచ్చే సలహా గుంటూరులో పనికిరాదు. అన్నట్టు, ఇక్కడి సిబిల్ స్కోరు అక్కడికి వెంట రాదు, మళ్ళీ మొదటి నుంచే. చరిత్ర కోసమైతే యాడ్-ఆన్ దండగ.

ఇక జీతం పడే బ్యాంకు ఇచ్చే కార్డు. నెలనెలా మీ జీతం వాళ్ళ కళ్ళ ముందే పడుతోంది కాబట్టి కొన్నాళ్ళకి యాప్‌లో 'ప్రీ-అప్రూవ్డ్' అని వాళ్ళే చూపిస్తారు. జీతం స్లిప్పులు, ఐటీ రిటర్నులు అడగకపోవచ్చు కూడా. అది లైఫ్‌టైమ్ ఫ్రీ అయితే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. 'ఏడాదిలో ఇంత ఖర్చు పెడితే ఫీజు మాఫీ' అంటే మాత్రం అది ఫ్రీ కార్డు కాదు. మాఫీ కోసమని ఏడాది చివర్లో అవసరం లేనివి కొనేవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ఇక మాల్‌లో స్టాల్ పెట్టుకుని బ్యాగు ఇస్తాం, సంతకం పెట్టండి అనేవాళ్ళతో జాగ్రత్త. అప్లై చేసిన ప్రతిసారీ రిపోర్టులో ఒక ఎంక్వైరీ పడుతుంది. ఒకే నెలలో నాలుగు పడితే వీడికి డబ్బు ఎంత అవసరమో అని బ్యాంకువాళ్ళు అనుకుంటారు.

జీతం కార్డుకున్న అసలు బలం లిమిట్, అంటే కార్డు మీద గరిష్ఠంగా వాడుకోగలిగే మొత్తం. లిమిట్‌లో 30 శాతం లోపే వాడటం మంచిదంటారు. 60 వేల లిమిట్ మీద 9 వేలు వాడితే 15 శాతమే. దాని బలహీనతా అదే. 25 వేల జీతగాడికి 60 వేలు చేతిలో పెడితే అదీ తన డబ్బే అనిపిస్తుంది.

జీతం స్లిప్పు లేనివాళ్ళ సంగతి? కిరాణా కొట్టు నడిపేవాళ్ళు, ఫుడ్ డెలివరీ చేసేవాళ్ళు, ట్యూషన్లు చెప్పుకునే గృహిణి, 18 నిండిన విద్యార్థి, ఇప్పటికే ఒకసారి రిజెక్ట్ అయినవాళ్ళు. వీళ్ళందరికీ ఎఫ్‌డీ కార్డే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే, దాంట్లో ముప్పాతిక నుంచి దాదాపు పూర్తి మొత్తం వరకు, బ్యాంకుని బట్టి, లిమిట్‌గా ఇస్తారు. డిపాజిట్ మీద వడ్డీ మామూలుగానే వస్తుంది, కార్డు ఉన్నంతకాలం దాన్ని తీసుకోలేం, అంతే. సిబిల్‌కి వెళ్ళే చెల్లింపుల లెక్క మామూలు కార్డుదీ దీనిదీ ఒకటే.

చిక్కు లిమిట్ దగ్గరే. 25 వేల డిపాజిట్‌కి 20 వేల లిమిట్ వచ్చిందనుకోండి, 30 శాతమంటే 6 వేలు. పండక్కి 15 వేల ఫోన్ కొన్నారంటే ఒక్క దెబ్బకి 75 శాతం. దీనికో ఉపాయం ఉంది: బిల్లు తయారయ్యే తారీఖుకి రెండు మూడు రోజుల ముందే యాప్‌లోంచి చాలావరకు కట్టేయండి, బిల్లులో మిగిలిందే సాధారణంగా సిబిల్‌కి వెళ్తుంది.

ఎఫ్‌డీ కార్డు దగ్గర చాలామంది దెబ్బతినేది ఇంకోచోట. 'కట్టకపోతే డిపాజిట్‌లోంచి తీసుకుంటారులే' అనే ధీమా. తీసుకుంటారు, నిజమే. కానీ తీసుకునేలోపు ఎన్ని రోజులు ఆలస్యమైందో రిపోర్టులో డీపీడీ అనే గడిలో ఆ నెల పేరు మీద పడిపోతుంది. డబ్బు పోయింది, స్కోరూ పోయింది. దానికి డిపాజిట్ ఎందుకు వేసినట్టు?

ఏ కార్డయినా 'మినిమమ్ డ్యూ' ఒకటే గొయ్యి. బిల్లు 12 వేలు, కనీసం 5 శాతం, అంటే 600 కట్టమన్నారు. కట్టారు, హమ్మయ్య అనుకున్నారు. మిగిలిన 11,400 మీద నెలకి మూడున్నర శాతం చొప్పున 399, దాని మీద 18 శాతం జీఎస్టీ 72, వెరసి 471. మీరు కట్టిన 600లో అప్పు తగ్గింది 129 రూపాయలే. పైగా ఇక ఆ నెల కొన్న పాల ప్యాకెట్‌కి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ. మినిమమ్ కట్టినవాళ్ళకి స్కోరు వెంటనే పాడవదు, అందుకే మోసం తెలియదు. ఆటో-డెబిట్ పెట్టుకునేటప్పుడు 'టోటల్ డ్యూ', 'మినిమమ్ డ్యూ' అని రెండు గడులుంటాయి. తొందరలో రెండోది నొక్కేస్తారు, ఒకసారి చూసుకోండి. ఇక ఈ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయడమంటే, తీసిన రోజు నుంచే వడ్డీ, పైన ఫీజు.

షాపులో ఫోన్ కొనేటప్పుడు అంటగట్టే ఈఎంఐ కార్డులు, ఇప్పుడు కొని తర్వాత కట్టే పే-లేటర్‌లు కూడా చరిత్ర కడతాయి కానీ ఒక్కోటీ ఒక్కో చిన్న లోన్‌గా రిపోర్టులో పేరుకుంటుంది. గోల్డ్ లోన్ కూడా నమోదవుతుంది. అయితే మనవాళ్ళు చాలామంది ఏడాదికోసారి వడ్డీ కట్టి తిరగరాయిస్తారు, నెలనెలా కట్టిన అలవాటు అందులో కనపడదు.

కాబట్టి జీతం బ్యాంకు ఫ్రీగా ఇస్తే అదే, లేదంటే నామోషీ పడకుండా ఎఫ్‌డీది. రెండూ కలిపి అక్కర్లేదు, ఒకటి చాలు. ఆరేడు నెలలయ్యాక రిపోర్టు తెప్పించుకోండి. సిబిల్, దానిలాంటివే అయిన ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అందులో మీది కాని లోన్ కనిపిస్తే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన.