హెడ్ గ్యాస్కెట్ రెండుసార్లు మార్చాక, 4,300 గంటలు నడిపి రాస్తున్నా

మాది చీమకుర్తి దగ్గర. 20 టన్నుల పొక్లెయిన్ ఒక్కటే మా ఇంటికి ఆధారం, గెలాక్సీ గ్రానైట్ క్వారీల్లో పైమట్టి, వేస్ట్ రాయి తీసే పనికి అద్దెకు తిప్పుతాం. ఇంజిన్ కమ్మిన్స్ 6బీటీ, 5.9 లీటర్లు, ఆరు సిలిండర్లు. దీనికి హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ల బ్లాక్‌కూ, దాని పైన మూతలా ఉండే హెడ్‌కూ మధ్య గ్యాస్, నీళ్లు, నూనె కలవకుండా వేసే పలక) రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. మొదట వేసింది 310 గంటలకే పోయింది. రెండోది వేసి 4,300 గంటలు దాటింది, చుక్క నీరు తగ్గలేదు. రెండూ ఒకే రకం గ్యాస్కెట్లు, ఒకే షాపులో కొన్నవి. కాబట్టి నేను చెప్పేది గ్యాస్కెట్ గురించి తక్కువ, దాన్ని వేసిన తీరు గురించి ఎక్కువ.

మే నెల ఎండల్లో టెంపరేచర్ ముల్లు పైకి పోవడం మొదలైంది. ఆపరేటర్ రోజుకు రెండుసార్లు రేడియేటర్లో నీళ్లు పోస్తున్నాడు, కింద ఎక్కడా కారడం లేదు. డిప్ స్టిక్ తీస్తే ఆయిల్ శుభ్రంగా ఉంది. ఒకరోజు పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉండగా మూత తీసి స్టార్ట్ చేయించి చూశాను, ఎసరు మరిగినట్టు బుడగలు. పై హోస్ చేత్తో పట్టుకుంటే రెండు నిమిషాల్లోనే రాయిలా గట్టిపడింది. నీళ్లింకా చల్లగానే ఉన్నాయి, అంటే ఆ ఒత్తిడి వేడి వల్ల వచ్చింది కాదు, సిలిండర్లోంచి గ్యాస్ నీళ్లలోకి దూరుతోంది.

ఆయిల్ పాల చాయ్ రంగులోకి మారితేనే గ్యాస్కెట్ పోయినట్టు అని చాలామంది అంటారు, నా విషయంలో అది చివరిదాకా మారలేదు. అలాగే రేడియేటర్లో నూనె తెట్టు కనిపించగానే హెడ్ దించేయకండి. ఈ ఇంజిన్లో ఇంజిన్ ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ బ్లాక్ పక్కనే ఉంటుంది, అది చిల్లు పడినా నూనె నీళ్లలోకి వస్తుంది. ముందు దాన్ని ప్రెషర్ టెస్ట్ చేయించండి.

మొదటిసారి వచ్చిన మెకానిక్ క్వారీలోనే టార్పాలిన్ కింద హెడ్ దించాడు. బ్లేడుతో గీకి, గ్యాస్కెట్‌కు రెండు వైపులా పేస్ట్ రాసి, పానాకు పొడుగు పైపు తగిలించి చేతి అంచనాతో బిగించాడు. రాత్రికల్లా బండి పనిలో ఉంది, మేమూ సంతోషించాం. 310 గంటలకు మళ్లీ అవే బుడగలు.

రెండోసారి ఒంగోలు నుంచి వచ్చిన పెద్ద మేస్త్రీ హెడ్ జోలికే పోలేదు. నేరుగా రేడియేటర్ వైపు తలుపు తీసి, హైడ్రాలిక్ ఆయిల్ కూలర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో చెయ్యి పెట్టాడు. రాతి పొడి, నూనె చెమ్మ కలిసి రేడియేటర్‌కు గాలి ఆడకుండా మందపాటి అట్టలా పేరుకుపోయింది. బయటి నుంచి చూస్తే శుభ్రంగానే కనబడుతుంది. ఆ అట్ట ముక్క నా చేతిలో పెట్టి, "ముందు దీని సంగతి చూడు అబ్బాయ్, హెడ్ సంగతి తర్వాత" అన్నాడు. నాకప్పుడు అర్థమైంది, మొదటిసారి మేం జబ్బును వదిలేసి పుండుకు కట్టు కట్టాం.

హెడ్ ఎత్తే ముందే ఇంజెక్టర్లు తీసేయించాడు, వాటి మొనలు హెడ్ కిందికి పొడుచుకుని ఉంటాయి, హెడ్ బోర్లా పెడితే విరుగుతాయి. లేత్ షాపులో హెడ్ అడుగున స్ట్రెయిట్ ఎడ్జ్ (వంకరలేని స్కేలు) పెట్టి చూస్తే 5, 6 సిలిండర్ల దగ్గర 0.15 మిల్లీమీటర్ల ఫీలర్ రేకు (సందు కొలిచే పల్చటి రేకు) తేలిగ్గా దూరింది. హెడ్ అంతగా వంగి ఉంటే ఏ కంపెనీ గ్యాస్కెట్ వేసినా బూడిదలో పోసిన పన్నీరే. ఫేసింగ్ చేయించి, అంటే హెడ్ అడుగు ముఖాన్ని మిషన్ మీద చదును చేయించి, పగుళ్ల కోసం ప్రెషర్ టెస్ట్ కూడా చేయించాం. ఈ ఇంజిన్లో లైనర్లు (సిలిండర్లో విడిగా దించే గొట్టాలు) ఉండవు, బోర్ నేరుగా బ్లాక్‌లోనే ఉంటుంది కాబట్టి బ్లాక్ ముఖం సమంగా ఉందో లేదో చూస్తే చాలు. మీది చుట్టూ నీళ్లు తిరిగే లైనర్లున్న ఇంజిన్ అయితే ప్రతి లైనర్ ఎంత పైకి లేచి ఉందో కొలవకుండా హెడ్ మూయనివ్వకండి.

బోల్ట్ రంధ్రాల్లో గాలి కొడితే ఒకదాంట్లోంచి చెంచాడు నూనె నీళ్లు ఎగిరి నా చొక్కా మీద పడ్డాయి. అవి అడుగున ఉండిపోతే టార్క్ రెంచ్ (బిగువు కొలిచే పానా) టక్కుమంటుంది కానీ హెడ్ మీద బిగువు పడదు. బోల్ట్‌లు 26, ఒక్కోదాని పొడవు కొలిచి, సాగిన రెండు మార్చాం. గ్యాస్కెట్ పొడిగానే, పేస్ట్ లేకుండా. నడుమ నుంచి చివర్లకు వరసలో అన్నీ 90 న్యూటన్ మీటర్లు, రాకర్ స్టాండ్లలోంచి (వాల్వ్‌లను నొక్కే రాకర్లను మోసే దిమ్మలు) దిగే పొడుగు బోల్ట్‌లు మళ్లీ 120, ఆ తర్వాత అన్నీ పావు చుట్టు. ఆ పావు చుట్టుకు ముందు మా మేనల్లుడు ప్రతి బోల్ట్ తల మీద తెల్ల పెయింట్ చుక్క పెట్టాడు, అయిపోయాక 26 చుక్కలూ పావు చుట్టు తిరిగి కనిపిస్తే ఇక టెన్షన్ పడలేదు. వాల్వ్ గ్యాప్ ఇన్‌లెట్ 0.25, ఎగ్జాస్ట్ 0.50 మిల్లీమీటర్లు పెట్టాడు.

మా వైపు బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లగా పొర కడతాయి. అవే ఏళ్ల తరబడి రేడియేటర్లో పోశాం. ఇప్పుడు సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. వారానికోసారి కూలర్, రేడియేటర్ మధ్య సందులోని దుమ్మును లోపలి నుంచి బయటికి గాలి కొట్టిస్తాం, బయటి నుంచి కొడితే ఇంకా లోపలికి పోయి కూర్చుంటుంది.

నాలుగు రోజులు బండి ఆగింది, ఖర్చు మొదటిసారికి దాదాపు రెండింతలైంది, మళ్లీ చేయాల్సి వస్తే ఇలాగే చేయిస్తా. మధ్యలో 2,900 గంటలప్పుడు వెనక మూల నూనె చెమ్మ కనబడి గుండె జారింది, చూస్తే రాకర్ కవర్ సీల్, పది నిమిషాల పని.

తీసేసిన పాత గ్యాస్కెట్లు రెండూ షెడ్డులో మేకుకు వేలాడుతున్నాయి. కొత్త ఆపరేటర్ వస్తే ముందు వాటి దగ్గరికే తీసుకెళ్తా, 5వ సిలిండర్ రింగు నుంచి పక్క నీటి రంధ్రం దాకా నల్లగా కాలిన గీత, రెండింట్లోనూ సరిగ్గా ఒకే చోట.