జాగ్రత్త! "వంగింది మీ బకెట్టే సార్, మా ఫోర్కు కాదు" అంటారు

మినీ ట్రాక్టర్‌కి ముందు లోడర్ (బకెట్ పట్టుకుని మట్టి, బరువులు ఎత్తే చేతులు) ఉన్నవాళ్ళంతా కాస్త ఆగి ఇది చదవండి. బకెట్‌కి తగిలించే పళ్ళ బారు (పళ్ళున్న ఇనప పట్టీ), బరువులెత్తడానికి బకెట్ అంచుకి బిగించే పొడవాటి ఇనప ఫోర్కులు, రెండూ కలిపి కాంబో అని ఒకడు అమ్ముతున్నాడు. రోజూ వీడియోలు పెడతాడు, మీ ఫోన్లోకీ వచ్చే ఉంటాయి. ఆ మనిషి దగ్గర కొనకండి. పేరు రాయను, రాస్తే అదో తలనొప్పి. ఆ వీడియోలు చూసేవాళ్ళకి పేరు అక్కర్లేదు కూడా. ఇప్పుడే అతనితో మాట్లాడి ఫోన్ పెట్టాను. ఒళ్ళు మండిపోతోంది. రాతలో తప్పులుంటే సర్దుకోండి.

పూర్వకథ పెద్దగా లేదు. బోడి బకెట్‌తో గట్టి నేల తవ్వబోతే ఏమవుతుందో మీకు తెలుసు. అంచు పైపైన జారుతుంది, ముందు చక్రాలు లేస్తాయి గానీ మట్టి లేవదు. పళ్ళ బారు ఉంటే బలమంతా అంచు పొడవునా పరుచుకోకుండా కొన్ని మొనల మీదే పడుతుంది కాబట్టి నేలలోకి దిగుతుంది. వేళ్ళు తెగుతాయి, పాతుకున్న రాళ్ళు కదులుతాయి, బకెట్ అంచు అరగడం కూడా తగ్గుతుంది. మంచి బారు పెట్టుకున్నవాళ్ళు చదును చేసే పనికి తప్ప దాన్ని తీయరు. కాబట్టి పళ్ళ బారు మీద నాకు కోపం లేదు. నా కోపమంతా ఈ బారు మీద, ఈ మనిషి మీద.

కొలత అడిగాడు. బకెట్ లోపలి వెడల్పు టేపు పెట్టి కొలిచి ఫొటోతో సహా పంపాను. వచ్చిన బారు రెండు పక్కలా వేలు దూరేంత పొట్టిగా ఉంది. అడిగితే, "వాషర్లు వేసి బిగించెయ్ అన్నా, అందరూ అదే చేస్తారు" అన్నాడు. అప్పుడే వెనక్కి పంపేసి ఉంటే ఈ పోస్టు రాసే పని ఉండేది కాదు. పంపలేదు, మహా తెలివైనవాడిని కదా.

పొట్టి బారు ఎందుకు వెనక్కి పంపాలంటే, బారు సరిగ్గా కూర్చుంటే దాని వెనకభాగం బకెట్ అంచుకి గట్టిగా ఆనుతుంది. తవ్వేటప్పుడు వచ్చే తోపంతా ఆ అంచే మోస్తుంది. పక్క ప్లేట్లలో బెజ్జం వేసి బిగించే రెండు బోల్టులు బారు ఊడి రాకుండా పట్టుకోవడానికే. పొట్టి బారుకి వాషర్లు పేర్చి బిగిస్తే అది అటూ ఇటూ ఆడుతుంది, వంకరగా ఆనుతుంది, ఒక్కో దెబ్బా నేరుగా బోల్టు మీదే పడుతుంది. బెజ్జం గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. నా బకెట్‌కి వచ్చింది కూడా. బారు అతనిది, బెజ్జం పాడైన బకెట్ నాది.

ఇక పళ్ళు. మామూలుగా మంచి బారుకి కాడలు వెల్డ్ చేసి, వాటి మీదికి విడి పళ్ళు తొడిగి పిన్ను కొడతారు. అరిగినా విరిగినా పిన్ను తట్టి ఒక్క పన్ను మార్చుకోవచ్చు. దీనికి ఆ గొడవే లేదు, పన్ను మొత్తం నేరుగా బారుకే అతికించాడు. వీడియోలో మాత్రం పిన్నులున్న బారే కనిపిస్తుంది, మళ్ళీ చూస్తే అర్థమైంది. మొదటి పూటే ఒక మొద్దు వేరు కింద పెట్టి బకెట్ వెనక్కి తిప్పగానే టక్కుమంది. పన్ను అక్కడే నేలలో ఉండిపోయింది. విరిగిన చోట చూస్తే అతుకు లోపలికి దిగనే లేదు, పైన గీత గీసినట్టుంది, దాని మీద మెరిసే రంగు. ఆకురాయి పెట్టి పన్ను మీద రుద్దాను. బాగా గట్టిపరిచిన ఉక్కు అయితే ఆకురాయి జారిపోవాలి. ఇక్కడ రజను రాలింది. మెత్తటి ఇనుము.

సరే, బారు పోతే పోయింది, ఫోర్కులన్నా పనికొస్తాయి కదా అనుకున్నాను. ఆశకి అంతుండాలి.

ఇవి నోరు తెరిచిన ఫోర్కులు. బకెట్ అంచు మీదికి తోసి పైన పెద్ద బోల్టు బిగించాలి. మొదటి ముచ్చట ఏంటంటే, ఫోర్కు నోరు ఎక్కడ పట్టాలో సరిగ్గా అక్కడే పళ్ళ బారు కూర్చుని ఉంటుంది. బారు ఉంటే ఫోర్కు ఎక్కదు. అంటే ఫోర్కు పెట్టాలన్న ప్రతిసారీ బారు విప్పాలి. రెండూ ఒకదానితో ఒకటి కుదరని వస్తువులు, వాటిని కలిపి కాంబో అని అమ్ముతున్నాడు. ఇది అడిగితే, "రెండూ ఒకేసారి ఎవరు వాడతారన్నా?" అన్నాడు. నిజమే, ఎవరూ వాడరు. వాడలేరు కాబట్టి.

ఫోర్కు మీద స్టిక్కరు: జతకి 1,000 కిలోలు. నేను ఎత్తింది కట్టెలు పేర్చిన ప్యాలెట్ (కింద ఫోర్కులు దూరే చెక్క పలక), 200 కిలోలు దాటి ఉండదు. పైకి కూడా లేపలేదు, నేలకి జానెడు ఎత్తులో పెట్టుకుని మెల్లగా వస్తున్నాను. చిన్న గతుకులో చక్రం పడింది. కిర్రుమని శబ్దం. దిగి చూస్తే బకెట్ అంచు ఫోర్కులు పట్టిన రెండు చోట్లా కిందికి వంగి, మధ్యలో అల తేలినట్టుంది. ఒక ఫోర్కు పక్కకి జరిగిపోయింది. రెండు ఫోర్కుల్నీ కలిపి పట్టే అడ్డ కమ్మీ ఉంటే అలా జరగదు. కాంబోలో ఆ కమ్మీ లేదు, అది "విడిగా కొనుక్కోవాలి".

ఫొటోలు పంపాను, చూసినట్టు గుర్తు పడింది, జవాబు లేదు. ఫోన్ చేస్తే ఎత్తడు. చివరికి ఇంట్లోవాళ్ళ నంబరు నుంచి చేస్తే ఎత్తాడు, కొత్త గిరాకీ అనుకున్నాడేమో, "చెప్పన్నా" అని ఎంత ప్రేమగా అన్నాడో. నేనని తెలియగానే గొంతు మారింది.

"పళ్ళు దేనికి వాడారు సార్?"

"తవ్వడానికి."

"తవ్వడానికా? ఎలాంటి నేల?"

"గట్టి నేల. వేళ్ళు ఉన్నాయి."

"అదే సార్ మీరు చేసిన తప్పు. ఇది వదులు మట్టికి."

వదులు మట్టికి పళ్ళెందుకండీ? వదులు మట్టిని బోడి బకెట్టే ఎత్తుకుంటుంది. గట్టి నేలలో వాడకూడని పళ్ళంటే వానలో తెరవకూడని గొడుగు. వీడియోలో మీరే రాళ్ళు పెకలించారు కదా అన్నాను. "అది వేరే మోడల్ సార్, హెవీ మోడల్. మీరు తీసుకుంది ఎకానమీ." ఎకానమీ అన్న మాట ఆర్డరులో లేదు, బిల్లులో లేదు, ఆ ఫోన్లోనే మొదటిసారి విన్నాను.

పోనీ అది వదిలేద్దాం, ఫోర్కుల సంగతేంటి, 1,000 కిలోలన్నారు, 200 కే ఇలా అయింది అన్నాను. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"ఫోర్కు వంగిందా సార్?"

"లేదు, బకెట్..."

"అదీ. వంగింది మీ బకెట్టే సార్, మా ఫోర్కు కాదు. ఫోర్కు కెపాసిటీ మేం చెప్పినట్టే ఉంది. మీ బండి బకెట్ వీక్, దానికి మేమేం చేస్తాం?"

వెనకాల ఎవరో నవ్వారు. స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతున్నాడు! నేను గొంతు పెంచాను. "వాడిన సరుకు వాపసు లేదు సార్, పేజీలో రాసే ఉంది" అని పెట్టేశాడు. వాడకుండా విరుగుతుందో లేదో ఎలా తెలుస్తుందో ఆ పేజీలో రాయలేదు మరి.

ఎక్కువ మండుతున్నది ఎక్కడంటే, అతను అన్నది అక్షరాలా అబద్ధం కాదు. ఫోర్కు నిజంగానే వంగలేదు. ఆ 1,000 అనే అంకె ఇనప ముక్కకి సంబంధించింది, నా బండికీ నా బకెట్‌కీ దానితో సంబంధం లేదు. ఆ సంగతి అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. వ్యాపారమంతా ఆ మధ్య ఖాళీలోనే ఉంది.

నా లోడర్ మాన్యువల్‌లో ఉన్నది 400 కిలోలు, అదీ బకెట్ తగిలించే పిన్నుల దగ్గర కొలిచింది. పిన్నుల నుంచి ముందుకి జరిగేకొద్దీ ఎత్తే శక్తి తగ్గిపోతుంది. పిన్నుల నుంచి బకెట్ అంచే అర మీటరు పైన ఉంటుంది. ఇలా అంచుకి బిగించే ఫోర్కు అక్కడే మొదలవుతుంది, దాని మీద బరువు మధ్యభాగం ఇంకో 50, 60 సెంటీమీటర్లు ముందు. అంటే పిన్నులకి మీటరు పైన దూరంలో బరువు వేలాడుతోంది. అందులోంచి బకెట్ సొంత బరువు, ఫోర్కుల బరువు తీసేయండి. మిగిలేది ఎంతో మీ మాన్యువల్ చూసి మీరే లెక్క కట్టుకోండి, 1,000 కి దరిదాపుల్లో కూడా ఉండదు. ఎత్తు పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. పైగా చిన్న ట్రాక్టర్ బకెట్ పలచటి రేకుతో చేస్తారు, మట్టి బరువు అడుగంతా పరుచుకుంటుందని. అరచేతి వెడల్పున్న రెండు చోట్ల మొత్తం బరువు పెట్టి కిందికి తిప్పితే అది వంగక ఏం చేస్తుంది? ఇనుము దాని ధర్మం అది చేసింది. ఆ బకెట్‌ని నేను తిట్టను.

ఫోర్కులతోనే పని ఎక్కువుంటే బకెట్ తీసేసి దాని చోట నేరుగా తగిలించే ఫ్రేము ఫోర్కులు తీసుకోండి. ఫ్రేముకి కొంత బరువు పోతుంది గానీ లోడు పిన్నులకి దగ్గరగా వస్తుంది, ఫోర్కు కొన కూడా కళ్ళకి కనిపిస్తుంది. మీ లోడర్‌కి ఏ రకం తగిలింపు ఉందో, పిన్నులదా, స్కిడ్ స్టీర్ లోడర్లకి ఉండే, పరికరాన్ని చటుక్కున మార్చే పద్ధతిదా, చూసుకుని మరీ కొనండి. రెంటికీ ఒకటే సరిపోతుందని చెప్పేవాడు ఎవడైనా అబద్ధం చెబుతున్నట్టే.

ఇంకా ఘోరం ఒకటి మర్చిపోయాను. కొన్న కొత్తలో, ప్యాలెట్‌తో బకెట్ వెనక్కి తిరగడం కష్టంగా ఉందంటే ఏమన్నాడో తెలుసా? "హైడ్రాలిక్ రిలీఫ్ వాల్వ్ స్క్రూ కొంచెం బిగించన్నా, బలం వస్తుంది." చేయలేదు, నయం. ఆ వాల్వ్ ఉన్నదే పైపులు, సీళ్ళు, లోడర్ చేతులు ఓర్చుకోలేని ఒత్తిడి రాకుండా ఆపడానికి. దాన్ని బిగించడమంటే బండి తన శక్తికి మించి ఎత్తకుండా ఆపే కట్టడిని తీసేయడం. ఇలాంటి సలహా ఇచ్చేవాడు ఇనుము అమ్ముతున్నాడా, ప్రమాదం అమ్ముతున్నాడా?

అతని వీడియోలు ఇంకోసారి చూడండి, ట్రాక్టర్ వెనక బరువు ఉండదు. వెనక పరికరాలు తగిలించే మూడు పాయింట్ల దగ్గర బరువు డబ్బా లేదు, ఏ పరికరమూ లేదు. దాన్ని చూసి నేర్చుకోకండి. ముందు బరువెత్తితే వెనక చక్రాలు తేలికవుతాయి. చాలా ట్రాక్టర్లకి బ్రేకులున్నది వెనక చక్రాలకే. వాలులో దిగేటప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్ వేసుకోకపోతే బ్రేకు తొక్కినా బండి ఆగకపోవచ్చు. ముందు ఇరుసు మీద పడే భారం సంగతి వేరే చెప్పాలా?

కొనేవాళ్ళు చూసుకోవాల్సింది: బారు బకెట్ లోపలికి బిగుతుగా కూర్చోవాలి, వాషర్ల మాట వస్తే వెనక్కి పంపేయండి. పన్ను మారేదేనా, పిన్ను ఫొటో విడిగా అడగండి. డెలివరీ అయిన రోజే ఆకురాయి పెట్టి చూడండి, రంగు పోతే పోయింది. ఫోర్కు మీద స్టిక్కరు కాదు, ఎంత బరువు, మడమ (ఫోర్కు వెనక వంపు తిరిగే మూల) నుంచి ఎంత దూరంలో అన్నది లోహంలోనే కొట్టిన గుర్తు ఉండాలి. వీడియోలో చూపించేది, పంపేది ఒకే మోడలా అని రాతపూర్వకంగా అడగండి, ఫోన్లో కాదు.

సెకండ్ హ్యాండ్ ఫోర్కులు చూస్తున్నవాళ్ళకి ఒక మాట. మడమ దగ్గర మందం కొలవండి. అసలు మందంలో 10 శాతం అరిగి ఉంటే దాన్ని వాడకూడదని ఐఎస్ఓ 5057 ప్రమాణమే చెబుతుంది, బేరం ఆడకుండా వచ్చేయండి. పగులు కనిపిస్తే వెల్డర్ దగ్గరికి తీసుకెళ్ళి అతికించుకుందాం అనుకోకండి. వేడి పెట్టి గట్టిపరిచిన ఉక్కు అది, మళ్ళీ వేడి తగిలితే ఆ గట్టిదనం పోతుంది, రెండోసారి అది చెప్పకుండా విరుగుతుంది.