కోడీ మ్యూజియం నుండి టెక్సాస్ దుప్పుల వేట దాకా: ఒక రైఫిల్ అభిమాని యాత్రానుభవాలు

రైఫిళ్లను సేకరించడం, వాటితో వేటకు వెళ్లడం అనే రెండు ముచ్చట్లూ ఉన్నవారికి అమెరికాలో చూడదగిన స్థలాలు చాలా ఉన్నాయి. అయితే డాలస్ పరిసరాల్లో స్థిరపడిన నాబోటివాడు మొదట ఎక్కడికి వెళ్లాలని అడిగితే వయోమింగ్‌లోని కోడీ, ఓక్లహోమాలోని క్లేర్‌మోర్, టల్సా, ఆ పైన టెక్సాస్ హిల్ కంట్రీ అనే వరుసనే చెబుతాను. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ శిబిరంలో .22 రైఫిల్ పట్టుకున్ననాడు మొదలైన ఈ అభిమానానికి స్వదేశంలో ఎదిగే అవకాశం తక్కువ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమూ, దాని తరువాతి సవరణలూ వేటకు స్వస్తి పలికాయి. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించిన తరువాత లైసెన్సుదారు సాధారణంగా రెండుకు మించి తుపాకులు ఉంచుకోవడానికి వీలు లేదు. ఆ నిబంధనలు అక్కడ అవసరమే అన్నది నా అభిప్రాయం. కానీ సేకరణ అనే మాటకు రెండు తుపాకులు చాలవు కదా.

కోడీ చేరుకోవడానికి ఆ ఊళ్లోనే చిన్న విమానాశ్రయం ఉన్నా, మోంటానాలోని బిల్లింగ్స్‌లో దిగి కారు అద్దెకు తీసుకోవడమే నాకు అనుకూలంగా తోచింది. అక్కడి నుండి రెండు గంటల ప్రయాణం. ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు తూర్పు ద్వారం కోడీ నుండి 50 మైళ్లకు కాస్త ఎక్కువ దూరంలో ఉంటుంది కాబట్టి వేసవిలో హోటళ్ల అద్దెలు ఆ పార్కుకు వచ్చే జనాన్ని బట్టి పెరుగుతాయి. పార్కు చూడాలనే కోరిక లేకపోతే, తూర్పు ద్వారం ఇంకా తెరవని ఏప్రిల్ నెల మంచిది: గదులు చౌకగా దొరుకుతాయి, మ్యూజియంలో అద్దాల ముందు ఎంతసేపు నిలబడినా వెనుక నుండి తొందరపెట్టేవారు ఉండరు. నేను దిగిన మోటెల్ పేరు చెప్పను. గదిలో వేడి సరిగా రాలేదు, ఫిర్యాదు చేస్తే ఇంకో దుప్పటి ఇచ్చి పంపారు. ఊరి నడుమ ఉన్న ఇర్మా హోటల్‌ను ‘వైల్డ్ వెస్ట్’ ప్రదర్శనలతో పేరుపొందిన బఫెలో బిల్ కోడీ 1902లో తెరిచి తన కూతురి పేరు పెట్టాడు. అందులో బస చేయకపోయినా, భోజనశాలలోని చెర్రీ కర్ర బార్‌ను చూడడానికైనా ఒక పూట వెళ్లాలి. అది విక్టోరియా రాణి పంపిన కానుక అని అక్కడివారు చెప్పుకుంటారు. శాకాహారులకు మాత్రం ఊళ్లో పెద్దగా దొరికేదేమీ లేదు. పులిహోర, పచ్చళ్లు వెంట ఉంటే నిశ్చింత.

బఫెలో బిల్ సెంటర్ ఆఫ్ ది వెస్ట్ అనే ప్రాంగణంలో అయిదు మ్యూజియంలు ఒకే టికెట్టు మీద చూడవచ్చు, ఆ టికెట్టు వరుసగా రెండు రోజులు చెల్లుతుంది. రెండు రోజులూ కోడీ ఫైర్ఆర్మ్స్ మ్యూజియంకే ఖర్చు చేసినా దండగ కాదు. కనెక్టికట్‌లోని న్యూహేవెన్‌లో తుపాకులు తయారుచేసే విన్‌చెస్టర్ కంపెనీ కూడబెట్టుకున్న తుపాకుల సేకరణ 1970ల మధ్యలో ఇక్కడికి చేరింది. ఈనాటి మ్యూజియానికి అదే పునాది. 2019లో పునరుద్ధరించి తెరిచిన తరువాత, తుపాకీ ఎలా పనిచేస్తుంది, దాన్ని ఎలా పట్టుకోవాలి, ఏ జాగ్రత్తలు పాటించాలి అన్న విషయాలతో ప్రదర్శన మొదలవుతుంది. తుపాకులంటే గిట్టని నా భార్య కూడా ఆ భాగాన్ని ఓపికగా చూసిందంటే అమరిక ఎంత బాగుందో ఊహించుకోవచ్చు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి ‘వెయ్యిలో ఒకటి’ అనే ముద్ర ఉన్న విన్‌చెస్టర్ 1873 మోడల్ రైఫిళ్లు. కర్మాగారంలో పరీక్షగా కాల్చినప్పుడు గుళ్లు అసాధారణంగా దగ్గరగా పడిన గొట్టాలను ఏరి, వాటికి ప్రత్యేకమైన మీట (ట్రిగ్గర్) అమర్చి, మెరుగులు దిద్ది, ఆ మాటలు చెక్కి 100 డాలర్లకు అమ్మేవారు. పక్కనే సాదా రైఫిల్‌ను ఉంచుకుని చూస్తే, గొట్టం మొదట్లోనూ మూతి దగ్గరా వేసిన లతల చెక్కడం తప్ప సామాన్యుడి కంటికి తేడా కనబడదు. అసలు తేడా గొట్టం లోపల ఉంది. ఇంకో కథ కూడా ఈ మ్యూజియంతో ముడిపడి ఉంది. 2014లో నెవాడాలోని గ్రేట్ బేసిన్ నేషనల్ పార్కులో ఒక జూనిపర్ చెట్టుకు ఆనించి ఉన్న 1873 మోడల్ విన్‌చెస్టర్ దొరికింది. 1882లో తయారైన ఆ రైఫిల్ కర్ర భాగం ఎండకు పగిలి తెల్లబారి, కింది కొస మట్టిలో కూరుకుపోయి ఉంది. దాన్ని శుభ్రపరిచి నిలబెట్టిన పని కోడీలోనే జరిగింది; కర్ర లోపలి అరలో ఒక తూటా కూడా దొరికింది. ఎవరు ఆనించారో, ఎందుకు తిరిగి రాలేదో ఎవరికీ తెలియదు. ఇప్పుడది గ్రేట్ బేసిన్ పార్కులోనే ఉంది కాబట్టి దానికోసమే కోడీ వెళ్లేవారు నిరాశపడతారు.

సేకరణదారులకు కోడీలో అన్నింటికంటే విలువైన సేవ రికార్డుల కార్యాలయం. విన్‌చెస్టర్, మార్లిన్, ఎల్.సి. స్మిత్ కంపెనీల పాత ఖాతా పుస్తకాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. తుపాకీ మీది నంబరు ఇచ్చి రుసుము చెల్లిస్తే, అది ఏ రూపంలో, ఏ తూటాకు, ఏ తేదీన గిడ్డంగి దాటిందో ధ్రువీకరించే ఉత్తరం ఇస్తారు. అన్ని మోడళ్లకూ, అన్ని నంబర్లకూ ఖాతాలు మిగలలేదు. ఉదాహరణకు 1894 మోడల్‌కు 3,53,999 నంబరు వరకే వివరాలు దొరుకుతాయి. నా దగ్గరున్న 1894కు ఎనిమిది పలకల గొట్టం, సాదా మీట అని ఉత్తరంలో చదివి, చేతిలోని తుపాకీ కూడా సరిగ్గా అలాగే ఉందని చూసుకున్నప్పటి తృప్తి డబ్బుతో కొలిచేది కాదు. కౌంటరు దగ్గర నా ప్రశ్నలన్నింటికీ విసుగు లేకుండా జవాబులు చెప్పారు.

డాలస్ నుండి టల్సాకు కారులో నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం, క్లేర్‌మోర్ ఆ పైన మరో అరగంట. జె.ఎం. డేవిస్ అనే హోటల్ యజమాని జీవితమంతా కూడబెట్టిన తుపాకులను మొదట తన హోటల్ గోడలకే వేలాడదీసుకున్నాడు. అవి 1969 నుండి రూట్ 66 అనే పాత హైవే పక్కన ఉన్న మ్యూజియంలో ఉన్నాయి. 12 వేలకు పైగా తుపాకులు! వరుసలు వరుసలుగా, ఒకదాని కింద ఒకటి, చిన్న చీటీలతో వేలాడుతూ ఉంటాయి. కోడీలో లాగా ఎవరో చెయ్యి పట్టుకుని నడిపించినట్టు ఉండదు. ముందే కొంత తెలిసినవారికి ఇది పండగ. తెలియనివారికి గంటలోనే తల తిరుగుతుంది. పిల్లలతో వెళ్లేవారికి కోడీయే మేలు, ఒంటరిగా వెళ్లే సేకరణదారుడికి నేను క్లేర్‌మోర్ వైపే మొగ్గుతాను. ఒక మనిషికి పట్టిన పిచ్చి ఎంత దూరం వెళ్లగలదో ఇక్కడ కళ్లారా కనిపిస్తుంది.

టల్సాలో ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లోనూ నవంబరులోనూ, వానన్‌మాకర్ తుపాకుల ప్రదర్శన జరుగుతుంది. ఒకే పైకప్పు కింద వేల బల్లలు. ఆ వారాంతాల్లో ప్రదర్శన జరిగే మైదానం దగ్గరి హోటళ్లు నెలల ముందే నిండిపోతాయి కాబట్టి, పక్క ఊరైన బ్రోకెన్ ఆరో వైపు బస చూసుకుని పొద్దున్నే వెళ్లడం సులువు. ఇక్కడ కొనేముందు చట్టం తెలిసి ఉండాలి. వేరే రాష్ట్రం నుండి వచ్చినవారు ప్రైవేటు వ్యక్తి దగ్గర ఆధునిక రైఫిల్‌ను నేరుగా కొనకూడదు, లైసెన్సున్న డీలరు ద్వారానే తీసుకోవాలి. 1898లోగా తయారైనవి సమాఖ్య చట్టంలో పురాతన వస్తువుల కిందికి వస్తాయి. యాభై ఏళ్లు దాటిన తుపాకులను సేకరించేవారికి మూడేళ్లకు 30 డాలర్ల రుసుముతో వేరే లైసెన్సు కూడా ఉంది. హెచ్-1బి వీసా మీద ఉన్న మనవారు తరచుగా అడిగే విషయం కూడా చెప్పాలి. వలసేతర వీసాదారులు తుపాకీ కలిగి ఉండడం సాధారణంగా నిషిద్ధం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. మినహాయింపును నమ్ముకునే ముందు న్యాయవాదిని అడగడం క్షేమం. వీసా విషయంలో సాహసాలు పనికిరావు.

ఆ బల్లల మధ్య నడుస్తుండగా ఒకచోట మన ఇషాపూర్ రైఫిల్ కనబడింది. 1962 చైనా యుద్ధం తరువాత పాత బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ నమూనాను 7.62 మి.మీ. తూటాకు మార్చి పశ్చిమ బెంగాల్‌లో తయారు చేసిన 2ఎ1 అది. తూటాలు పట్టే పెట్టె నలుచదరంగా ఉండడం వల్ల దూరం నుండే పోల్చుకోవచ్చు. దగ్గరికి తీసుకుని చూస్తే, బోల్టు పిడి వెనుక లోహపు పట్టీ మీద ‘ఆర్.ఎఫ్.ఐ.’ (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) అన్న అక్షరాలు, సంవత్సరం. వెనుక గురి పలక మీద 800 మీటర్ల వరకే అంకెలు. కర్రకు పూసిన నూనె నల్లబడి, చేతికి అంటుకునేంత చిక్కగా ఉంది. అమ్మే పెద్దాయనకు అది ఏ దేశానిదో తెలుసు కానీ, ఏ ఊరిదో తెలియదు. నేను చెబితే సంతోషించి ధర కాస్త తగ్గించాడు. బేరమాడేటప్పుడు వస్తువు గురించి మనకే ఎక్కువ తెలియడం ఎప్పుడూ లాభమే.

వేట విషయానికి వస్తే, మన నల్లమల అడవుల్లో తిరిగే చుక్కల దుప్పే టెక్సాస్‌లో వేటకు దొరుకుతుంది. 1930లలో తెచ్చి వదిలిన ఈ దుప్పులు కెర్‌విల్, జంక్షన్ పరిసరాల సున్నపురాతి కొండల్లో, అంటే హిల్ కంట్రీలో, బాగా పెరిగాయి. దక్షిణాన సముద్రం వైపు మనుబోతులు కూడా ఉన్నాయి. ఇవి స్థానిక జంతువులు కావు కాబట్టి వేటకు నిర్ణీత కాలం లేదు. రాష్ట్ర వేట లైసెన్సు, భూయజమాని అనుమతి ఉండాలి. 1971 సెప్టెంబరు 2 నాడు గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు వేట శిక్షణ కూడా పూర్తి చేయాలి. గడ్డితో పాటు తెల్లతోక జింకలు తినే లేత మొక్కలను కూడా ఇవి మేసేస్తాయి కాబట్టి, వీటి సంఖ్య తగ్గడమే అక్కడి రైతులకు కావాలి. మన దగ్గర రక్షణ పొందే ప్రాణిని ఇక్కడ కాల్చడం సబబేనా అని అడిగే బంధువులకు నేను ఇచ్చే జవాబు ఇదే.

వేటకు వెళ్లే రాంచ్‌ను, అంటే ప్రైవేటు పశువుల క్షేత్రాన్ని, ఎంచుకునేటప్పుడు బసలోని సోఫాలను, గోడ మీది కొమ్ములను చూసి మోసపోకూడదు. నేను వెళ్లిన ఒకచోట గదులు ఖరీదైన హోటల్‌ను తలపించాయి. కానీ ఒప్పందంలో, నెత్తురు చుక్క కనబడితే జంతువు దొరకకపోయినా పూర్తి రుసుము కట్టాలన్న నిబంధన చిన్న అక్షరాల్లో ఉంది. అదేమీ అసాధారణం కాదు. అయితే గాయపడిన జంతువును వెతకడానికి వారి దగ్గర కుక్క లేదు, వెతికే తీరికా లేదు; ఆ పూట తోటి వేటగాడి దుప్పి పొదల్లో మాయమైతే అరగంటలో చేతులు దులుపుకున్నారు. జంతువు పట్ల ఆ నిర్లక్ష్యం చూశాక అక్కడికి మళ్లీ వెళ్లలేదు. ఇంకొక రాంచ్‌లో బస అంటే రేకుల షెడ్డు, మంచాలు, ఒక కాఫీ కుండ, అంతే. కానీ వెళ్లిన వెంటనే నూరు గజాల దూరంలో కాగితం కట్టి, ప్రతివాడి చేతా మూడు గుళ్లు కాల్పించి, గురి కుదిరిందని తేలాకే మాటుకు పంపించారు. శుభ్రమైన శీతల గది ఉంది, తోలు తీసే చోట నీళ్లు, వెలుతురు ఉన్నాయి. మే, జూన్ నెలల్లో పొద్దెక్కేసరికి ఎండ మండిపోతుంది. ఆ వేడిలో మాంసం నిలబడాలంటే శీతల గదికి మించిన సౌకర్యం లేదు. నా ఓటు రేకుల షెడ్డుకే.

తెల్లవారకముందే గైడ్ నన్ను లైవ్ ఓక్ చెట్ల అంచున మాటులో కూర్చోబెట్టాడు. నా చేతిలో 1964కు ముందు తయారైన విన్‌చెస్టర్ మోడల్ 70, .270 తూటా. సేకరణగా విలువైనదాన్ని పొదల్లోకి తీసుకువెళ్తావా అని మిత్రులు కోప్పడతారు. వాడకుండా దాచుకున్న రైఫిల్ మీద నాకు అంత మోజు లేదు. ముందుగా ఆడ దుప్పులు, వాటి వెనుక రెండు కుర్ర పోతులు వచ్చాయి. పెద్ద పోతు చాలాసేపటికి బయటపడి, పక్కకు తిరగకుండా మాకు ఎదురుగానే నిలబడింది. గైడ్ వేలితో ఆగమని సైగ చేశాడు. అది మేస్తూ మేస్తూ అడ్డంగా తిరిగాక ముందుకాలి వెనుక గురిపెట్టి మీట నొక్కాను. నలభై అడుగులు కూడా పోలేదు.

రుసుముల్లో గైడ్‌కు, బసకు, జంతువుకు వేర్వేరు లెక్కలు ఉంటాయి. కొమ్ము పొడవు 30 అంగుళాలు దాటితే సాధారణంగా జంతువు ధర పెరుగుతుంది. ఈ మూడూ, ఊళ్లో మాంసం కోసి పొట్లాలు కట్టేవారికి ఇచ్చేదీ కలిపి ముందే కాగితం మీద రాయించుకోవాలి. చుక్కల దుప్పి మాంసంలో కొవ్వు చాలా తక్కువ, మేకమాంసంలా వేపితే తోలులా బిగుసుకుపోతుంది. పెరుగు, అల్లంవెల్లుల్లి పట్టించి రాత్రంతా ఉంచి, మరునాడు సన్నని సెగ మీద ఉల్లిపాయలతో మగ్గించి, చివర మిరియాల పొడి చల్లితే మా ఇంట్లో మళ్లీ మళ్లీ వడ్డించమంటారు. కొమ్ములను ఇండియాకు తీసుకువెళ్లి బంధువులకు చూపించాలనే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. టెక్సాస్‌లో సక్రమంగా కాల్చిన దుప్పివే అయినా శంషాబాద్ కస్టమ్స్ దగ్గర చిక్కులు తప్పవు. ఫోటోలు చాలు.