ఊల్వా దీవి చూడాలంటే ఓబన్‌లో ఉండాల్సిందే

న్యూజిలాండ్ దక్షిణ కొసన బ్లఫ్ రేవులో ఫెర్రీ ఎక్కితే గంటలో స్టూవర్ట్ ద్వీపంలోని ఓబన్ ఊళ్లో దిగుతాం. పక్షుల దీవి ఊల్వాకి పడవ ఇక్కడి నుంచే. ఆ గంట మాత్రం ఓ పట్టాన గడవదు. ఫోవో జలసంధి లోతు తక్కువ, పైగా పడమటి గాలి, దాంతో అలలు బాగా లేస్తాయి. వాంతుల మాత్ర ముందే వేసుకోండి.

చాలామంది పొద్దున వచ్చి సాయంత్రానికి వెనక్కి వెళ్లిపోతారు. అలా చేయకండి. పొద్దున ముసురు, మధ్యాహ్నం ఎండ, కాసేపటికే మళ్లీ జల్లు. కనీసం రెండు రాత్రులుంటే ఒక మంచి పూటైనా దొరుకుతుంది. రేవు ఎదురుగా పాత హోటల్ ఉంది కానీ, వంటగది ఉన్న ఇల్లు తీసుకుంటేనే మనవాళ్లకి సుఖం. హోటళ్లలో బ్లూ కాడ్ చేప చాలా తాజాగా ఉంటుంది, శాకాహారులకే ఇబ్బంది. ఓబన్‌కి సరుకులన్నీ సముద్రం దాటి రావాలి కాబట్టి ధరలెక్కువ. బియ్యం, పప్పు బ్లఫ్‌కి దగ్గర్లోని ఇన్వర్‌కార్గిల్ పట్టణంలోనే కొనుక్కోండి.

ఊల్వాకి గోల్డెన్ బే జెట్టీ నుంచి వాటర్ టాక్సీలో పది నిమిషాల ప్రయాణం. దీవి మొత్తం కలిపి 270 హెక్టార్లు కూడా లేదు. ఎక్కేముందు చెప్పులకి అంటుకున్న విత్తనాలు దులుపుకోవాలి, సంచుల్లో ఎలుక దూరిందేమో చూసుకోవాలి. 1997 నాటికి ఇక్కడ ఎలుకల్ని నిర్మూలించారు, మళ్లీ చొరబడితే పక్షుల గూళ్లకి ముప్పు. ఈ జాగ్రత్త ఎందుకో లోపలికి వెళ్తే తెలుస్తుంది. దారిలో ఆకులు కాస్త కదిలాయో లేదో, రాబిన్ పిట్ట వచ్చి బూటు పక్కనే వాలింది. సన్నటి కాళ్లతో గెంతుతూ, పైకి తేలిన పురుగుల్ని ఏరుకుంది. సిడ్నీ కోవ్ ఒడ్డున మాత్రం సంచి జిప్పు వేసే ఉంచండి, వెకా పక్షులు తిండి లాక్కుపోతాయి.

చలి అంటే మంచు దిబ్బలు ఊహించుకోకండి. 47 డిగ్రీల దక్షిణ అక్షాంశమైనా చుట్టూ సముద్రం ఉండటంతో ఒడ్డున మంచు పడటం అరుదు, వేసవిలోనూ 20 డిగ్రీలు దాటడం తక్కువే. వణికించేది తడి, గాలి. స్వెటర్ కన్నా వాన కోటు ముఖ్యం. ఆ తడి వల్లే రిము, రాటా చెట్ల మొదళ్లన్నీ నాచు, ఫెర్న్‌లతో నిండిపోయి ఏడాదంతా పచ్చగా ఉంటాయి. 1872లో ఛార్లెస్ ట్రెయిల్ అనే ఆయన ఊల్వాలో పోస్టాఫీసు తెరిచాడు. ఉత్తరాలు వచ్చాయంటే జెండా ఎగరేసేవాళ్లట, అది చూసి చుట్టుపక్కల వాళ్లు పడవల్లో వచ్చేవాళ్లు.

గైడ్ ఖర్చు దండగ కాదు. ఆయన కూత విని చెప్పకపోతే కొమ్మల్లోని సాడిల్‌బ్యాక్ పిట్ట మా కంట పడేదే కాదు.

తిరుగు ఫెర్రీ రోజునే విమానం మాత్రం బుక్ చేసుకోవద్దు. సముద్రం బాగోకపోతే ఫెర్రీ ఆపేస్తారు.