‘ప్రేమలేఖ’ చదవాలా, ‘శ్రీవారికి ప్రేమలేఖ’ చూడాలా?

పొత్తూరి విజయలక్ష్మి గారి నవల ‘ప్రేమలేఖ’ ‘చతుర’ మాసపత్రికలో వచ్చింది. దాన్నే జంధ్యాల 1984లో ‘శ్రీవారికి ప్రేమలేఖ’గా తీశారు. సరదాకి రాసిన ఉత్తరం ముక్కూమొహం తెలియని వాడికి చేరడం, అక్కణ్ణుంచి గందరగోళం.

ఖర్చు: సినిమాకి ఫోనుంటే చాలు. పుస్తకం కోసం ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద గొంతుకూర్చుని దుమ్ము దులపాలి. దొరికితే దొరికినట్టు, లేకపోతే ఇరానీ చాయ్ తాగి ఇంటికి.

టైమ్: సినిమాకి రెండు గంటలపైనే ఒకేచోట కూర్చోవాలి. నవల మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా విడతలుగా సాగుతుంది. చిక్కల్లా ఒకటే, నవ్వాపుకోలేక కిసుక్కుమంటే ఎదుటి సీటాయన అదోలా చూస్తాడు.

నవ్వు: అసలు తేడా ఇక్కడే. శ్రీలక్ష్మి తను చూసిన సినిమా కథ చెప్పడం మొదలుపెడితే టైటిల్స్ దగ్గర్నుంచీ వదలదు. ఎదుటివాళ్లు పారిపోవడానికి దారి వెతుక్కోవడం కళ్లతో చూడాల్సిందే, కాగితం మీద అంత పండదు. సుత్తి వీరభద్రరావు అరుపు కూడా అంతే. పైగా రమేష్ నాయుడు పాటలు. పుస్తకంలో మాత్రం రచయిత్రి పక్కన కూర్చుని చెవిలో చెబుతున్నట్టుంటుంది.

రిస్క్: సినిమా ముందు చూశారో, చదువుతున్నంతసేపూ నరేష్, పూర్ణిమలే కనిపిస్తారు. నాకదే జరిగింది.

పండక్కి ఇంటినిండా చుట్టాలుంటే సినిమా పెట్టేయండి. ఒక్కరే ఉండి, వాన పడుతూ, కరెంటు పోయే సూచనలుంటే నవల.