2 లీటర్ల టేబుల్ టాప్ గ్రైండర్, రెండు కొని 8 నెలలు వాడాక నా రివ్యూ

ఇంట్లో నలుగురికి పిండి వేసుకునేవాళ్ళకి ఇది అంతగా పనికిరాదేమో. నేనూ మా వదినా కలిసి విజయవాడలో మా అపార్ట్‌మెంట్‌కీ చుట్టుపక్కల రెండు మూడు వీధులకీ ఇడ్లీ పిండి, దోశ పిండి అమ్ముతున్నాం, దానికి కొన్న మెషిన్ సంగతి ఇది.

మొదట మిక్సీతోనే లాగించాం. జార్ వేడెక్కి పిండీ వేడెక్కేది, గుల్ల రాదు, ఒకావిడైతే "మీ ఇడ్లీ గోడకేసి కొడితే తిరిగొచ్చేలా ఉందమ్మా" అనేసింది. ఇక గ్రైండర్ కొనాల్సిందే అనుకున్నాక అసలు గొడవ మొదలైంది. నేనేమో 5 లీటర్ల టిల్టింగ్‌ది (గిన్నె వంచి పిండి తీసుకునేది) ఒకటి కొంటే ఒక్క వాయిలో అయిపోద్ది అన్నాను, వదినేమో "2 లీటర్లవి రెండు తీసుకుందాం అమ్మాయ్, ఆ పెద్దది ఆగిపోయిన రోజు పిండి ఎవరిస్తారు" అంది. పెద్దది 18 వేలు చెప్పాడు షాపతను, చిన్నవి రెండూ కలిపి 11 వేలు. డబ్బులు పెట్టేది వదిన, ఇంకేముంది, నేను వారం మూతి ముడుచుకుని తిరిగాను లెండి.

వాడటం మొదలెట్టాక తెలిసింది, మనం ఇడ్లీకి బియ్యం రుబ్బం కదా, పప్పు రుబ్బి రవ్వ కలుపుతాం, దోశకేమో పప్పూ బియ్యం రెండూ రుబ్బాలి. ఇప్పుడు ఒకదాంట్లో ఇడ్లీ పప్పు తిరుగుతుంటే పక్కదాంట్లో దోశది తిరుగుతోంది, పెద్దది ఒక్కటే ఉంటే మధ్యలో కడుక్కుంటూ కూర్చోవాలి. కొనేటప్పుడు ఈ లెక్క వదినకీ తట్టలేదు, ఇప్పుడు మాత్రం తనకి ముందే తెలుసన్నట్టు చెప్తుంది.

రుబ్బడం మాత్రం బ్రహ్మాండం. కోయంబత్తూరు గ్రైండర్‌కి జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి ప్రత్యేక వస్తువని ఇచ్చే ప్రభుత్వ గుర్తింపు) ఊరికే రాలేదు. అరకిలో మినపగుళ్ళు వేసి నీళ్ళు ఒక్కసారే పోయకుండా గుప్పెడు గుప్పెడు చిలకరిస్తూ అరగంట తిప్పితే పిండి వెన్నలా ఉబ్బుతుంది, గ్లాసు నీళ్ళలో చిన్న ముద్ద వేస్తే తేలుతుంది, అదే మా టెస్టు. ఎండాకాలం ఫ్రిజ్ నీళ్ళు వాడండి. మోటారు 150 వాట్లే కాబట్టి కరెంటు బిల్లు గురించి భయమక్కర్లేదు.

ఇక తిట్టాల్సినవి. 2 లీటర్లు అంటారు గానీ ముప్పావు కిలో పప్పు వేస్తే ఉబ్బి మూతని నెట్టుకొచ్చేస్తుంది. రాళ్ళ మధ్య ఇరుక్కున్న పిండి వేలు పెట్టి గీకి తీయాలి, అదీ రెండు సెట్లు, రోజూ. ఎవరు కడగాలన్న దగ్గర మా ఇద్దరికీ రెండుసార్లు మాటలాగిపోయాయి, చివరికి నానబోసిన వాళ్ళు కడగక్కర్లేదు అని ఒప్పందానికొచ్చాం.

ఆరో నెలలో ఒకదాని బెల్టు తెగింది, అదీ శనివారం సాయంత్రం, ఆదివారం ఆర్డర్లన్నీ నెత్తిమీదున్నప్పుడు. సర్వీసు వాళ్ళు వస్తాం వస్తాం అంటూ 9 రోజులు తిప్పారు. ఆ 9 రోజులూ రెండోది పొద్దున 4 నుంచి తిరిగింది, నేను నోరెత్తలేదు. కొనేటప్పుడే స్పేర్ బెల్టు ఒకటి అడిగి తీసుకోండి, మాది ఇప్పుడు పోపు డబ్బా పక్కనే ఉంటుంది.

5కి 4 స్టార్లు, ఆ ఒక్కటీ సర్వీసుకి కోత.